గుమ్మం ముందు వార్డెన్

శుక్రవారం సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చిన దేదీప్య, బూట్లయినా విప్పకుండా, సూట్‌కేసు తలుపు దగ్గరే వదిలేసి డైనింగ్ టేబుల్ వైపు పరుగెత్తింది. టేబుల్ మీద అట్టపెట్టె తెరిచి ఉంది, దాన్నిండా తెల్లటి థర్మకోల్ ముక్కలు. రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చి కెలికింది, నేలంతా ముక్కలు చిమ్మాయి. ఉండాల్సిన తలకాయ మాత్రం లేదు.

"శశీ! నా వార్డెన్ ఏడీ?"

వంటింట్లో ఉప్మా కలుపుతున్న శశికాంత్ గరిటెతో సహా బయటికొచ్చాడు. "ఏ వార్డెను?"

"ఈ పెట్టెలో ఆయన!"

"అదా? నిన్న హర్షాగాడికిచ్చేశాగా. గృహప్రవేశం గిఫ్ట్ ఆర్డర్ చేశా, ఈ వారం వస్తుందీ అన్నావు. వాడు నిచ్చెన కోసం వచ్చాడు, ఎలాగూ వచ్చాడు కదా అని చేతిలో పెట్టేశా. ఎంత సంబరపడ్డాడనుకున్నావ్! 'దిష్టిబొమ్మ కోసం ఇండియన్ షాపులన్నీ తిరిగినరా, మీ ఇంట్లనే ఉన్నదేందిరా' అని ఎగిరి గంతేశాడు."

"దిష్టిబొమ్మా?"

"కాదా మరి? మిడిగుడ్లు, ఇంతంత మీసాలు, బుగ్గలు పూరించి నోట్లో ఏదో పెట్టుకుని... నేనైతే నీ సెలెక్షన్‌ని మెచ్చుకున్నా కూడా."

దేదీప్య కుర్చీలో కూలబడింది. ఎందుకంటారా, ఎందుకో తెలియాలంటే ముందు వాళ్ళ హాల్లో ఉన్న అద్దాల బీరువా సంగతి చెప్పాలి.

ఆ బీరువాలో అయిదు పింగాణీ జగ్గులున్నాయి. మామూలు జగ్గులు కావు, ఒక్కొక్కటీ ఒక్కో మనిషి తలకాయ. టోపీ అంచే జగ్గు మూతి, వెనక ఒక పిడి, ఆ పిడి కూడా ఊరికే వంకీలా ఉండదు, ఆ మనిషి ఎవరో చెప్పే వస్తువేదో అయి ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, నేలమాళిగల్లో తలదాచుకున్న జనాన్ని నవ్వించడానికి రేడియోలో ఒక నాటకం వచ్చేది, అందులోని మనుషులే ఈ తలకాయలు. టీ క్యాంటీన్ నడిపే మిసెస్ టాపిట్‌కి టీ కెటిలు పిడి. చెవుడు కల్నల్‌కి చెవిలో పెట్టుకునే గొట్టం పిడి. ఎప్పుడూ నిద్రపోయే పోస్ట్‌మాన్, కోతలు కోసే సార్జెంటు, తనో పెద్ద గూఢచారిననుకునే బట్టలకొట్టు ఆసామీ. యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ళకి, ఆ రేడియో నాటకం మీద ప్రేమతో ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ వాళ్ళు వీటిని చేశారు. ఎమ్మెస్ చదివే రోజుల్లో రూమ్మేట్లతో రైస్ కుక్కర్ కోసం ఒక ఎస్టేట్ సేల్‌కి, అంటే ఎవరో ఇంట్లో పాత సామానంతా అమ్మేస్తుంటే, వెళ్ళిన దేదీప్య, మిసెస్ టాపిట్ మొహం చూసి నవ్వాపుకోలేక, రైస్ కుక్కర్ మానేసి ఆవిడని ఎత్తుకొచ్చింది. ఆ నెలంతా నలుగురూ గిన్నెలో వార్చిన అన్నమే తిన్నారు. ఆ తర్వాత పాత రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరికాయి, ఇప్పుడు ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ వాటినే వింటుంది, సిగ్నల్ దగ్గర ఒక్కతే పకపకా నవ్వుతుంటే పక్క కార్ల వాళ్ళు అద్దాలెత్తుకుంటారు.

ఆరుగురి సెట్‌లో ఆరోవాడే వార్డెన్ మిస్టర్ గ్రిబుల్. బాంబులేసే విమానాలకి ఊరు కనబడకూడదని రాత్రిళ్ళు వీధి వీధీ తిరిగి, ఎవరి కిటికీలోంచైనా వెలుతురు సందు కనబడితే విజిలూది చీవాట్లు పెట్టే మనిషి. పిడి టార్చ్‌లైటు. ఆ నోట్లో విజిలుందే, అదే పెద్ద తంటా. ముందుకి పొడుచుకొచ్చినట్టుంటుంది కాబట్టి బట్టీలో కాల్చేటప్పుడే చాలా వాటికి పుటుక్కున విరిగిపోయేది. అందుకే చేసినవి తక్కువ, మిగిలినవి ఇంకా తక్కువ. దేదీప్య మూడేళ్ళు వెతికింది. చివరికి ఒహాయోలో ఎవరో అమ్ముతుంటే దొరికాడు, చెక్కుచెదరని విజిలుతో సహా. మే నెలలో డాలస్‌లో జగ్గులు పోగుచేసేవాళ్ళ షో ఉంది, మొదటిసారి ఆమెకి సొంతంగా ఒక టేబుల్ ఇస్తామన్నారు, ఆర్గనైజర్‌కి ఆమె ఫోన్ చేసి "సిక్స్ ఆఫ్ సిక్స్!" అని అరిచి మరీ చెప్పింది.

అలాంటి మిస్టర్ గ్రిబుల్ ఇప్పుడు డాలస్ పక్కనే కాపెల్‌లో హర్షవర్ధన్ కొత్తింటి దిష్టిబొమ్మ!

"వెళ్ళి తెచ్చేస్తా," అంటూ లేచింది.

"ఏమని? గృహప్రవేశానికిచ్చిన గిఫ్ట్ వెనక్కివ్వండనా?" శశికాంత్ గరిటె అడ్డం పెట్టాడు. "తల్లీ, ఈ ఊళ్ళో మనకున్నదే వాళ్ళు. ఎల్లుండి ఎలాగూ వెళ్తాం కదా, మెల్లిగా అడుగుదాం."

అసలు గిఫ్ట్, అంటే ఒక గోడగడియారం, మర్నాడు పొద్దున తీరిగ్గా వచ్చింది.

ఆదివారం వాళ్ళు కారు దిగేసరికి పోర్చ్‌లో మిస్టర్ గ్రిబుల్ గాల్లో వేలాడుతున్నాడు. నుదుట కుంకుమ, బుగ్గలకి పసుపు, విజిలుకి ఒక దారం, దారానికి నిమ్మకాయా మిరపకాయలూ. ఇంతకీ ఆయన్ని కట్టింది దేంతో అనుకున్నారు? పిడికి తాడేసి!

జగ్గులు పోగుచేసే వాళ్ళెవరూ పిడి పట్టుకుని ఎత్తరు. పిడి విడిగా చేసి అతికిస్తారు, బరువు దాని మీద పడితే ఎప్పటికైనా అక్కడే బీటలిస్తుంది.

"ఏం దేదీప్యా, మా వాచ్‌మన్ ఎట్లున్నడు?" హర్షవర్ధన్ పంచె సర్దుకుంటూ ఎదురొచ్చాడు. వరంగల్ మనిషి, గొంతు నాలుగిళ్ళకి వినబడుతుంది. "వీధిల పోయే తెల్లోళ్ళు ఆగి ఫొటోలు దీస్తున్నరు!"

"అన్నా, పిడికెందుకు కట్టావ్?"

"పిడున్నదే పట్టుకోనీకి గద!"

"జగ్గుని పిడి పట్టుకుని ఎత్తకూడదన్నా."

"మరెందుకు పెట్టిండ్రు?"

ఆ మాట వదిలేసి దేదీప్య నిచ్చెన అడిగింది. పట్టుచీరతో నిచ్చెనెక్కుతుంటే ఆడవాళ్ళంతా పోగయ్యారు. హర్ష భార్య పూజిత వంటింట్లోంచి పరుగున వచ్చి, "ఏంటే ఆ విన్యాసాలు, పడతావ్!" అంది. పూజిత దేదీప్య కన్నా నాలుగైదేళ్ళు పెద్ద, నెమ్మది మనిషి, ఖమ్మంలో స్కూల్ టీచరుగా చేసి ఇక్కడికొచ్చాక వీసా వల్ల ఖాళీగా ఉండిపోయింది. దేదీప్య తాడు విప్పి, రెండు చేతులూ అడుక్కి పెట్టి, జగ్గుని ఒళ్ళోకి తీసుకున్నట్టు దించి ఆమెకి అందించింది.

"పిడి ముట్టుకోకక్కా. కింద, రెండు చేతులూ కింద."

"సరే తల్లీ, కిందే పట్టుకున్నా. ఇదేమన్నా బాంబా?"

అప్పుడు అడిగేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పూజిత జగ్గు మొహంలోకి చూస్తూ, "అసలెక్కడ దొరికిందే నీకు? దీన్ని కట్టాక గానీ ఇది మా ఇల్లు అనిపించలేదు," అనేసింది. దేదీప్య మింగేసింది. ఉల్లిపాయలొచ్చే ఎర్ర వలసంచీ ఒకటి అడిగి తీసుకుని, మిస్టర్ గ్రిబుల్‌ని అందులో కూర్చోబెట్టి, బరువంతా అడుగున పడేలా మళ్ళీ తనే కట్టి దిగింది.

భోజనాలయ్యాక శశికాంత్ ధైర్యం చేసి హర్షని పక్కకి పిలిచి సంగతి చెప్పాడు. హర్ష కడుపుబ్బా నవ్వాడు. "ఓరి నీ! ముందే చెప్పొచ్చు గదరా! తీసుకపోండి, గానీ ఒక్క అమావాస్య దాటనియ్యుండ్రి. కట్టిన బొమ్మని అమావాస్య దాటకుండ తీసెయ్యొద్దంటది మా అమ్మ."

అమావాస్య ఎంతలోకి వస్తుంది అనుకుంది దేదీప్య. ఇర్వింగ్‌లో ఇండియన్ షాపువాడికి చెప్పి, కొమ్ములూ కోరలూ ఉన్న అసలు సిసలు దిష్టిబొమ్మ తెప్పించింది. అమావాస్య వెళ్ళిన మర్నాడే దాన్ని సంచీలో పెట్టుకుని బయల్దేరింది.

పూజిత తలుపు తీసి, లోపలికి రమ్మని, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. మొహం వేరేగా ఉంది.

"నీకొక్కదానికే చెప్తున్నా. ఎవరికీ చెప్పకు, శశికి కూడా. నాకు మళ్ళీ నెల తప్పింది."

దేదీప్య సంతోషంతో అరవబోయి తన నోరు తనే మూసుకుంది. అంతకుముందు రెండుసార్లు గర్భం నిలవలేదని ఆమెకి తెలుసు. రెండోసారి హాస్పిటల్ నుంచి కారులో ఇంటికి తీసుకొచ్చింది తనే.

"అక్కా..."

"ఇంకా మా అమ్మకి కూడా చెప్పలేదు. నాకేమో పొద్దున లేస్తే భయం, పడుకుంటే భయం. పిచ్చిదాన్ననుకుంటావేమో గానీ, తలుపు తీసి ఆ మిడిగుడ్లాయన్ని ఒకసారి చూస్తే మనసు కుదుటపడుతోందే. ఆయనొచ్చాకే కదా ఇది కూడా... నవ్వకు."

"నవ్వట్లేదక్కా."

"ఆ సంచీలో ఏంటి?"

"ఏం లేదు, బెండకాయలు," అంది దేదీప్య. కోరలున్న బొమ్మ మళ్ళీ కారెక్కింది.

ఇంటికొచ్చి అద్దాల బీరువా ముందు నిలబడింది. ఆరో చోటు ఖాళీగా ఉంది. పూజితకి ధైర్యం చిక్కేదాకా ఆగచ్చు, షో మేలో కదా, తప్పేముంది? అవును, కానీ వచ్చేది ఏప్రిల్. టెక్సస్‌లో ఏప్రిల్ అంటే వడగళ్ళు. ఒక్క వడగల్లు, నిమ్మకాయంత, ఆ విజిలుకి తగిలితే చాలు. ఆ రోజు నుంచి ఆమె ఫోన్‌లో జాతకం చూసుకునేవాళ్ళలాగా వాతావరణం చూడటం మొదలుపెట్టింది. మబ్బు పడితే పనున్నట్టు ఆ వీధిలోకి వెళ్ళి, కారు నెమ్మది చేసి, ఎర్ర సంచీ ఉందో లేదో చూసుకుని వచ్చేది. షో ఆర్గనైజర్ ఫోన్ చేస్తే, "వస్తాడు, వస్తాడు," అనేది.

"నీ మొగుడి కోసం ఎప్పుడైనా ఇంత ఇదయ్యావా?" అన్నాడు శశికాంత్.

"నువ్వు విరగవుగా!"

ఏప్రిల్ మొదటివారంలో ఒక మధ్యాహ్నం, ఆమె ఇంట్లోంచి పని చేస్తుండగా, ఆకాశం ఉన్నట్టుండి పచ్చగా, పాచి పట్టిన చెరువులా అయిపోయింది. ఫోన్ కీచుమంది: వడగళ్ళ హెచ్చరిక. దేదీప్య కాల్‌లో ఉన్నవాళ్ళకి "కరెంట్ పోయేలా ఉంది," అని అబద్ధమాడి, తాళాలు తీసుకుని పరుగెత్తింది. నిజం చెప్పుకోవాలి కదా, ఆమె పరుగెత్తింది పూజిత కోసం కాదు. సగం దారిలో ఉండగా గాలివానొస్తే జనాన్ని హెచ్చరించే ఊరి సైరన్లు మోగాయి, పొడుగ్గా, ఏడుపులాగా. రికార్డింగుల్లో వందసార్లు విన్న శబ్దమే. ఆ నాటకంలో సైరన్ మోగగానే జనం నవ్వేవాళ్ళు, ఆ తర్వాత వచ్చేది మిస్టర్ గ్రిబుల్ కాబట్టి. ఇప్పుడు మాత్రం ఆమె యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కింది.

ఆ ఇంటి డ్రైవ్‌వేలోకి తిప్పిందో లేదో మొదటి వడగల్లు బానెట్ మీద ఠప్పుమంది. వైపర్ల మధ్యలోంచి పోర్చ్ వైపు చూసింది. కొక్కేనికి ఎర్ర సంచీ లేదు! పడిపోయాడు అనుకుంది. అంతలో కనబడింది.

పూజిత గుమ్మానికి రెండడుగుల ఇవతల, గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. చేతుల్లో జగ్గు. పిడి ముట్టుకోలేదు, రెండు అరిచేతులూ అడుక్కి పెట్టి, మోచేతులు దగ్గరికి చేర్చి, విజిలు మీద తన గడ్డం అడ్డం పెట్టి పట్టుకుంది. పక్కనే వంటింటి స్టూలు పడి ఉంది. హర్ష ఆఫీసులో ఉన్నాడు. ఇంటి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది.

దేదీప్య అద్దం దింపి అరిచింది. "అక్కా, లోపలికెళ్ళు!"

"దీన్ని లోపలికి తేకూడదే! వీధి దిష్టంతా దీంట్లోనే ఉంది!"

"గ్యారేజీలో పెట్టు!"

"గ్యారేజీ కూడా ఇంట్లోదేగా!"

"అయితే కింద పెట్టేసి వెళ్ళు!"

"నీ జగ్గే ఇది! హర్ష మొన్ననే చెప్పాడు నాకు, మూడేళ్ళు వెతికావంట. ఎలా పెట్టెయ్యను?"

గాలి దిశ మారింది. వడగళ్ళిప్పుడు పైనుంచి కాదు, పక్కనుంచి వస్తున్నాయి, పోర్చ్ నేల మీద పడి ఎగిరి పూజిత కాళ్ళకి కొడుతున్నాయి. ఒకటి ఆమె భుజానికి తగిలింది, మనిషి వంగిపోయింది, చేతులు మాత్రం వదల్లేదు. అది చూడగానే దేదీప్యకి షో లేదు, బీరువా లేదు, ఆరో చోటు లేదు. తలుపు తోసుకుని కారు దిగింది, నెత్తిన హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని గడ్డి మీదుగా పరుగెత్తుతూ గొంతు చించుకుంది.

"విసిరెయ్! జగ్గు పోతే పోయింది, విసిరి పారెయ్! నువ్వు లోపలికెళ్ళు! పూజితా!"

ఎప్పుడూ 'అక్కా' అనే పిల్ల పేరు పెట్టి పిలిచేసరికి పూజిత తలెత్తి చూసింది. తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. చేతుల్లో ఉన్న మొహం వైపు చూసింది. పెదవులు కదిలాయి, ఏ దేవుడికి చెప్పుకుందో మరి. చటుక్కున కుడికాలు గుమ్మం లోపల పెట్టి, జగ్గుతో సహా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

వెనకే దూరిన దేదీప్య తలుపు మూసింది. కిటికీల్లేని చోటు కదా అని ఇద్దరూ మెట్ల కింద, చీపుర్లూ వాక్యూమ్ క్లీనరూ పెట్టే చిన్న గదిలో కూర్చున్నారు. మధ్యలో మిస్టర్ గ్రిబుల్. కప్పు మీద ఎవరో బస్తాలతో రాళ్ళు గుమ్మరిస్తున్నట్టుంది.

"స్టూలెక్కావా?" అంది దేదీప్య, ఊపిరి అందాక.

"తిట్టకు."

"కాలు జారితే?"

"తిట్టకన్నానా."

పూజిత చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. "దిష్టి లోపలికి తెచ్చేశానా దీపూ?" అంది, చాలా మెల్లిగా.

అలాంటివేమీ లేవక్కా అని దేదీప్య చెప్పలేదు. ఇంజనీరింగ్ చదివింది, సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తుంది, చెప్పగలదు. కానీ లేచి, వంటింట్లోకి వెళ్ళి, గుప్పెడు రాళ్ళుప్పు తెచ్చింది. వాళ్ళ అమ్మమ్మ తిప్పినట్టే పూజిత చుట్టూ గుప్పిట తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఈ కాలనీ దిష్టి, హర్షన్న ఆఫీసు దిష్టి, ఫేస్‌బుక్ దిష్టి..."

"ఆయనకి కూడా తియ్యి," అంది పూజిత. "పాపం ఎన్ని రోజులు మోశాడో."

మిస్టర్ గ్రిబుల్‌కి కూడా తీసింది. ఉప్పు సింకులో వేసి నీళ్ళు వదిలి వచ్చింది. పూజిత తన చీరకొంగుతో ఆయన బుగ్గల మీది పసుపు తుడుస్తోంది.

"అసలెవరే ఈయన? ఒక్కరోజైనా అడగలేదు నేను."

దేదీప్య ఫోన్ తీసి ఒక రికార్డింగ్ పెట్టింది. బరబరమనే పాత శబ్దం, సైరన్, విజిలు, ఆ తర్వాత పిల్లిగొంతు ఒకటి అందర్నీ బెదిరించడం, క్యాంటీన్ మిసెస్ టాపిట్ ఆయన్నే ఒక కప్పు టీ పోసి కూర్చోబెట్టడం. పూజితకి సగం ఇంగ్లీషు అర్థం కాలేదు, అయినా నవ్వొచ్చింది.

"ఈయనంటే ఎవరికీ భయం లేదా?"

"ఒక్కళ్ళకి కూడా లేదు. అదే జోకు."

"మరి రోజూ ఎందుకొస్తాడు?"

"ఏమో. వీధి తనదనుకుంటాడు."

వాన వెలిసింది. ఇద్దరూ బయటికొస్తే గడ్డంతా తెల్లగా, ఎవరో పటికబెల్లం ఆరబోసినట్టుంది. దేదీప్య కారు బానెట్ గుంతపొంగణాల పెనంలా అయిపోయింది. ఇద్దరూ దాన్ని చూసి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, నవ్వలేక చచ్చారు. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు కూడా తొంగి చూశారు.

ఆ రోజు దేదీప్య జగ్గు అడగలేదు. పూజిత కూడా మళ్ళీ కొక్కేనికి కట్టలేదు. సొట్టల కారుతో ఇంటికొచ్చిన ఆమె షో ఆర్గనైజర్‌కి ఫోన్ చేసి, అయిదు జగ్గులే తెస్తానని చెప్పేసింది. ఆశ్చర్యం, పెద్దగా బాధనిపించలేదు.

శనివారం పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడైంది. హర్ష, పూజిత. పూజిత చేతుల్లో తువ్వాల్లో చుట్టిన మూట, రెండు అరిచేతులూ కిందే ఉన్నాయి. ఆమె వెనక నుంచి హర్ష, "దారిపొడుగునా నన్ను స్పీడ్ బ్రేకర్ కూడా ఎక్కనియ్యలే ఈమె," అని గొణుగుతున్నాడు.

"అక్కా, నేనడగలేదు కదా. నీకు ధైర్యంగా ఉండాలిగా."

"గుమ్మం దాటించింది నేనే కదే, ఇంక ఆయన్ని బయట కట్టమంటే నాకే మనసొప్పట్లేదు. ఇంట్లోకొచ్చినవాడు చుట్టం. చుట్టాన్ని తీసుకెళ్ళి వాళ్ళవాళ్ళలో దింపాలి గానీ మనమే ఉంచేసుకుంటామా?" పూజిత కొంచెం ఆగింది. "భయం ఉందిలే, లేకపోలేదు. పొద్దున అమ్మకి ఫోన్ చేసి చెప్పేశా. ఏడ్చింది, నవ్వింది, వచ్చేస్తానంటోంది. ఇంక భయాన్ని ఇద్దరం పంచుకుంటాం."

అద్దాల బీరువా తనే తెరిచింది. గూఢచారి బట్టలకొట్టాయనకీ మిసెస్ టాపిట్‌కీ మధ్యనున్న ఖాళీలో మిస్టర్ గ్రిబుల్‌ని దించింది. అటొకసారి ఇటొకసారి చూసి, నచ్చనట్టు పెదవి విరిచి, మళ్ళీ అడుగున చేతులు పెట్టి ఆయన్ని సగం తిప్పింది. ఇప్పుడాయన మొహం హాలు వైపు లేదు, పక్కనున్న కిటికీ వైపు ఉంది.

"అక్కా, మొహాలన్నీ ముందుకుండాలి. సెట్ అది."

"మీ ఇంటిక్కూడా కాపలాకి ఒకరుండాలిగా," అంది పూజిత, బీరువా తలుపు మూస్తూ. "శశీ, కాఫీ ఏమన్నా ఇస్తావా లేదా?"

దేదీప్య ఆయన్ని సరిచేద్దామని తలుపు మీద చెయ్యి వేసింది. తర్వాత తీసేసింది. బీరువాలో అయిదు తలకాయలు హాల్లో వాళ్ళని చూస్తూ ఉంటే, ఆరోవాడొక్కడు బుగ్గలు పూరించి వీధిలోకి చూస్తున్నాడు.